తొట్టికి ఎన్ని రాళ్ళు

పావగడ తాలూకా మొత్తంలో ఇంట్లో చేపలు సాకిన మొట్టమొదటి మనిషిని నేనే. ఒకటీ రెండూ కాదు, నూరు చేపలు. అదీ వానలు కురిసి చెరువులు నిండిన కాలంలో కాదు, కాకులు నోళ్ళు తెరుచుకొని నీడకు చేరిన ఎండాకాలంలో. ఏనుగును పడుకోబెట్టగలిగినంత రాతితొట్టిలో వాటిని వానల దాకా బతికించి, మళ్ళీ మా బావిలో వదిలి, చేతులు దులుపుకొని ఇంటికి వచ్చాను. తిరుమణి నుంచీ అరసికెరె నుంచీ జనం బండ్లు కట్టుకొని వచ్చి చూసిపోయారు.

మొన్న మా మనవరాలికి ఇదే చెప్పాను. అది నేలమీద బాసింపట్టు వేసుకొని కూర్చుంది. దాని ముందర కొత్త గాజు తొట్టి. పక్కన రెండు ప్లాస్టిక్ సంచుల నిండా గులకరాళ్ళు, ఒక సంచిలో నీలం, ఇంకో సంచిలో గులాబీ. రాళ్ళకు రంగు పూయాలని ఎవరికి తోచిందో గానీ, చేతిలోకి తీసుకుంటే అచ్చం పిప్పరమెంట్ల లాగే ఉన్నాయి. ఒకటి నోట్లో వేసుకున్నాను కూడా.

"తాతా! తినేవి కాదు అవి!"

"తెలుసులేమ్మా. ఉప్పు సరిపోయిందా లేదా అని చూస్తాండా."

అంగడాయన రెండు సంచులూ పొయ్యమన్నాడట. ఫోన్లో ఎవరో రెండు అంగుళాలు చాలన్నాడట. దాని నాయన, అంటే నా కొడుకు, పొద్దున పనికి పోతా పోతా, "రాళ్ళెందుకు? ఊరికే బరువు. ఉత్త నీళ్ళే పొయ్యి" అన్నాడట. వాడు సోలారు పలకలు కడిగే పనికి పోతాడు. ఆ పలకలు నిలబడింది ఒకప్పటి మా చేలోనే. గుత్తకు ఇచ్చేశాం. వాకిట్లో నిలబడితే నల్లగా, వరసలు వరసలుగా, ఆకాశం పొరలూడి నేలమీద పడినట్టు కనపడతాయి. మధ్యాహ్నం పూట వాటివైపు చూడలేం.

"నువ్వు చెప్పు తాతా. ఎంత పొయ్యాల?"

ఈ ఇంట్లో నన్ను ఏ సంగతైనా అడగడం మానేసి చాలా కాలమైంది. అందుకే అడిగీ అడగకముందే నా నోట్లోంచి నూరు చేపలు బయటికి దూకాయి.

మా అక్క గడప దగ్గర కూర్చొని చెనిక్కాయలు ఒలుస్తోంది. బావ పోయినప్పటి నుంచీ మా దగ్గరే ఉంటోంది. ఆమెకు చెవులు సరిగ్గా వినపడవని ఇంట్లో అందరమూ అనుకుంటాం. ఆమె తల ఎత్తలేదు.

"నూరు చేపలా?" అంది మనవరాలు.

"నూరంటే... ఒక యాభై."

"తాతా."

"సరేలే. నా రెండు చేతుల వేళ్ళన్ని ఉండె. ఏనుగు కాదు, దూడ పడుకునేంత తొట్టి. బండ్లు కట్టుకొని ఎవరూ రాలే. మా వీధిలోవాళ్ళే నీళ్ళకు పోతా పోతా తొంగి చూసినారు. తక్కినదంతా నిజం."

తక్కినది కూడా అంత నిజం కాదు. దాని సంగతి తర్వాత చెప్తాను.

మనవరాలు లేచి, రంగు పోతుందేమో చూస్తానని గుప్పెడు రాళ్ళు గిన్నెలో వేసి నీళ్ళు పోసింది. రంగు పోలేదు. కానీ ఒక వాసన లేచింది. తడిసిన రాయి వాసన. రంగు పూసినా రాయి రాయే కదా. ఆ వాసన ముక్కుకు తగిలేసరికి నేను మా బావి మెట్ల మీద బోర్లా పడుకొని ఉన్నాను.

మాది కపిల బావి. ఎద్దులు వెనక్కి నడిచి, ముందుకు నడిచి, తోలుబాన నిండుగా పైకి వచ్చి కాలువలో బోర్లా పడేది. తడి తోలు, పాచి, ఎద్దుల చెమట, మోకుకు పూసిన ఆముదం, అన్నీ కలిసి ఒక వాసన ఉండేది. ఎవరైనా ఆ వాసన సీసాలో పట్టి అమ్మితే నేను రోజూ పూసుకొని తిరిగేవాణ్ణి. నా పక్కన ఎవరూ కూర్చోరు, అది వేరే సంగతి.

మా వైపు ఏ బావికి నీళ్ళు పడినా ముందు చేసే పని చేపలు వదలడం. అంగట్లో కొని తేకూడదు. నీళ్ళున్న ఇంకో బావి ఆసామి దగ్గరికి బెల్లమూ తమలపాకులూ తీసుకొని పోయి, "అప్పా, మా బావికి చేపలు గావాల" అని అడిగి తెచ్చుకోవాలి. అవి పాచి తింటాయి, దోమపిల్లల్ని తింటాయి, నీళ్ళు తేటగా ఉంచుతాయి. బావి చేపల్ని పట్టి తినకూడదు. ఎండలకు బావి ఎండితే చేపల్ని కడవలో వేసుకొని నీళ్ళున్న బావిలో వదిలి వస్తారు. వానలు పడ్డాక మళ్ళీ బెల్లం పట్టుకొని పోయి వెనక్కి తెచ్చుకుంటారు. గొడ్లను మేత ఉన్న ఊరికి తోలినట్టే. ఎవరి చేప ఎవరిదో ఎవరికీ తెలియదు, ఎవరూ అడగరు.

మా బావి తవ్వించింది మా తాత. ఆయన నేను పుట్టకముందే పోయాడు. ఆయన అడిగి తెచ్చిన చేపల పిల్లల పిల్లలే ఇంకా బావిలో తిరుగుతున్నాయని మా నాయన నమ్మకం. "చేప ఉన్నంత వరకే దాన్ని బావి అంటారు. చేప పోయినాక అది ఉత్త గుంత" అనేవాడు.

అమ్మ నాకు పెట్టిన సంగటి ముద్దలో సగం నిక్కరు జేబులోకి పోయేది. ఆ జేబు ఎప్పుడూ జిగటగానే ఉండేది. మెట్ల మీద బోర్లా పడుకొని చిటికెడు చిటికెడు నీళ్ళలో వేస్తే కింది నుంచి నీడలు లేచి వచ్చేవి. వాటిలో ఒకదానికి తోక చివర కొరికేసినట్టు ఉండేది. దానికి తెగతోక అని పేరు పెట్టాను. అది నా వేలు నాకేది. అంటే, ఒకసారి నాకింది. అది కూడా సంగటి అనుకొని.

ఆ కాలంలో వరసగా రెండేళ్ళు వాన మొహం చాటేసింది. ఒక మధ్యాహ్నం ఇంట్లో చెనిక్కాయలు వేయించిన వాసన వచ్చింది. ఇల్లంతా పండగలా గుమగుమలాడింది. అమ్మ పచ్చిమిరపకాయలు వేసి ఊరిబిండి నూరింది. నేనూ అక్కా వేళ్ళు నాక్కుంటూ తిన్నాం. నాయన మాత్రం సంగటి ఉత్తదే తిని చెయ్యి కడుక్కున్నాడు. ఊరిబిండి మీద ఆయనకు అంత కోపం ఎందుకో నాకు అర్థం కాలేదు. అమ్మ వేయించింది విత్తనానికి దాచిన కాయలని చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. ఇప్పటికీ ఆ వాసన వస్తే నాకు నోరు ఊరుతుంది. ఏం చేసేది, నాలుకకు సిగ్గు లేదు.

ఎద్దుల్ని మేనత్త ఊరికి తోలేశారు. ఆ ఊరి చెరువులో ఇంకా కొంచెం తడి ఉందని. అందుకే వాకిట్లో ఎద్దుల తొట్టి ఖాళీ అయింది. దాంట్లో బల్లులు తిరిగేవి.

తాగే నీళ్ళకు అమ్మా అక్కా పక్క ఊరి బావికి పోయేవాళ్ళు. తెల్లారకముందు పోతే ఎండెక్కాక వచ్చేవాళ్ళు. అమ్మ అప్పుడు కడుపుతో ఉంది. అందుకని పెద్ద కడవ అక్క నెత్తిమీద ఉండేది. అక్క నాకంటే ఎంతో పెద్దదేమీ కాదు, ఒక జానెడు ఎత్తు ఎక్కువ, అంతే.

బావి అడుగు కనపడిన రోజు నాయనా చిన్నాయనా లోపలికి దిగారు. నేను కడవ పట్టుకొని వాళ్ళ వెనకే పోయాను. అడుగున మోకాలి లోతు బురద, మధ్యలో తట్టంత మడుగు. ఆ మడుగులో చేపలన్నీ ఒకదాని మీద ఒకటి ఎక్కి కొట్టుకుంటున్నాయి. బావి అడుగు వాసన అంత చెడ్డగా ఉంటుందని నేను అనుకోలేదు. పైన అంత చల్లగా, కమ్మగా ఉండే బావి, లోపల కుళ్ళిన ఆకుల కంపు.

చిన్నాయన చేపను పట్టి కడవలో వేస్తూ, "అన్నా, ఒగ మాట. ఇంట్లో చింతపండు ఉండాది. మిరప్పొడి ఉండాది" అన్నాడు.

"నోరు మూసుకోని పట్టు."

"ఊరికే చెప్తినప్పా, ఏమేముండాయో."

నేను ఏడుపు అందుకున్నాను. చిన్నాయన బురద చేత్తోనే నా బుగ్గ గిల్లి, "నీకు తెగతోక పెట్టనులే. అది నాకు" అన్నాడు.

తర్వాత నాయన ఆ కడవ భుజాన పెట్టుకొని బావి బావికీ తిరిగాడు. నేను వెనకాలే పరిగెత్తాను. ప్రతి చోటా ఒకే మాట. "మా బావిలోనూ అడుగు కనపడతాంది కదప్పా." ఒక పెద్దాయన మాత్రం కడవలోకి చాలాసేపు చూసి, "వద్దనేది కాదప్పా. రేపు నువ్వు బెల్లం తెచ్చి అడిగినప్పుడు నీ చేతికి ఏమియ్యాల? దానికి భయం" అన్నాడు. నాయన ఆయనకు దండం పెట్టి వచ్చేశాడు.

ఇంటికి వచ్చి కడవ దించి, అరుగు మీద కూర్చొని, తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. తుడుచుకోవడం అయిపోయినా తువ్వాలు తీయలేదు. దాని వెనక నుంచే అన్నాడు: "వాన వచ్చేదాకా ఇవి బతికితే బావి ఇంకొంచెం లోతు తీసుకోని సేద్యం చేసుకుందాం. ఇవి పోతే ఇంగేముండాది ఈడ, బెంగుళూరికి మట్టిపనికి పోదాం."

విసుగులో అన్నాడో, నిజంగానే అన్నాడో. నేను మాత్రం దాన్ని ఒట్టులాగా పట్టుకున్నాను. చేపలు బతకాలి. బతికితే నాయన ఊళ్ళో ఉంటాడు. చస్తే పోతాడు. ఆ ఎండాకాలమంతా నా బుర్రలో ఇంకో సంగతి లేదు. కడవ చుట్టూ చేతులు వేసి, ఊరు లేచి వచ్చేటట్టు ఏడ్చాను.

వంటింట్లోంచి మా జేజి వచ్చింది. జేజి అంటే మా నాయన తల్లి. ఒంగిపోయిన మనిషి, నోట్లో ఎప్పుడూ పొగాకు కాడ. "ఎద్దుల తొట్టి ఖాళీగా ఉండాది కదా. దాంట్లో ఎయ్యండి. వాన్ని ఏడిపించొద్దండి" అంది.

అప్పుడు వచ్చింది గులకరాళ్ళ తగువు.

చిన్నాయన అన్నాడు, "రాళ్ళు ఒగటి కూడా వద్దు. చేపకు తిరిగేకి జాగా గావాల." నాయన అన్నాడు, "బావి అడుగున గరుసు ఉంటాది కదా. రెండు వేళ్ళ మందం పరిస్తే చాలు, నీళ్ళు కలక లేకుండా ఉంటాయి." జేజి పోయి తొట్టిలో చెయ్యి నిలువుగా పెట్టింది. వేళ్ళు అడుగును తాకాయి. రెండో చేత్తో మోచేతి పైన గీత గీసినట్టు చూపించింది.

"ఈడి దాకా."

"సగం పైనే కదమ్మా అది!"

"ఆ, సగం పైనే. మీకేం తెలుసు? నేను ఏటి ఒడ్డున పుట్టినదాన్ని. మా పుట్టింటికాడ ఏట్లో నీళ్ళు కంటికి కనపడేవా? ఇసక తీస్తే చెలమలో ఊరేవి. రాయీ ఇసకా ఉన్నచోటే ఊట ఉంటాది. రాళ్ళు పొయ్యండి, నీళ్ళు అవే పైకొస్తాయి."

జేజి పుట్టిల్లు పెన్నేటి ఒడ్డు. నీళ్ళ సంగతిలో ఇంట్లో ఎవరూ ఆమెకు ఎదురు చెప్పేవాళ్ళు కాదు. ఎక్కడ తవ్వాలో, ఏ నీళ్ళు పప్పుకు పనికొస్తాయో, ఏవి పనికిరావో నాలుక మీద వేసుకొని చెప్పేది. నాయన చిన్నాయన మొహం చూశాడు, చిన్నాయన నాయన మొహం చూశాడు. ఇంక ఆ మాట అక్కడితో ఆగింది.

రాళ్ళు ఏరడానికి నేనూ అక్కా వంకకు పోయాం. వంక ఎండి ఎన్నాళ్ళైందో, రాళ్ళు పొయ్యిలోంచి తీసినట్టు కాలుతున్నాయి. నేను ఒక్కొక్క రాయినీ ఎత్తి, తిప్పి, గుండ్రంగా ఉందా, చారలున్నాయా అని చూసి చొక్కాలో వేసుకుంటున్నాను. అక్క గంపను నేలకు ఆనించి, రెండు చేతులతో ఏది దొరికితే అది తోసి నింపేసింది.

"మంచివి ఏరక్కా. చేపలకు గుచ్చుకుంటాయి."

"చేపలకు పరుపు కూడా పరస్తావా? రా రా, ఎండలో నా నెత్తి మాడిపోతాంది."

నాకు వంక రాళ్ళు చాలలేదు. మా ఇస్కూలు ముందర జెండా కట్టె చుట్టూ తెల్ల పలుగురాళ్ళు గుండ్రంగా పేర్చి ఉండేవి. మాది కన్నడ ఇస్కూలు. ఇంట్లో తెలుగు, అక్కడ కన్నడం. రోజూ బడి వదిలాక నా పలక సంచిలో ఒక పలుగురాయి ఇంటికి వచ్చేది. జెండా చుట్టూ ఉన్న వరస పండ్లూడిన నోరులా అయ్యాక మేష్ట్రు అందరినీ నిలబెట్టి, "యారో కల్లు తెగెదద్దు?" అని గర్జించాడు. రాళ్ళు తీసింది ఎవర్రా అని. అందరికంటే ముందు నేనే చెయ్యెత్తి, మేకలు తినేశాయేమో సార్ అన్నాను. మేష్ట్రుకు నవ్వొచ్చి బెత్తం కిందపడింది. ఆ వరస మొత్తం నేనే ఎత్తుకొచ్చానని నేను చాలామందికి చెప్పాను. నిజానికి నాలుగో అయిదో. తక్కినవి ఎవరు తీశారో నాకు తెలియదు. నవ్వు వచ్చినా మేష్ట్రు కొట్టకుండా మాత్రం వదల్లేదు.

రాళ్ళు జేజి చూపించిన గీత దాకా వచ్చాయి. అమ్మా అక్కా తెచ్చిన నీళ్ళలోంచి కొన్ని పోశారు. చూస్తుండగానే నీళ్ళు రాళ్ళ మీదికి లేచి, అంచుకు జానెడు తక్కువలో నిలబడ్డాయి. తొట్టి నిండింది! అన్ని రాళ్ళ మీద నీళ్ళు తళతళలాడుతున్నాయి. తెగతోక ముందుగా దిగి, ఒక పలుగురాయి చుట్టూ తిరిగి, నా వైపు చూసింది. చూసింది అంటే చూసిందనే. దీంట్లో అబద్ధం లేదు.

పక్కింటామె నీళ్ళకు పోయి వస్తూ ఆగి, "ఏమ్మే, మనుషులకు గొంతు తడుపుకోను గతి లేదు, మీ ఇంట్లో చేపలకు తొట్టినిండా నీళ్ళా?" అంది. కళ్ళలో నిప్పులు.

జేజి పొగాకు కాడ తీసి, "నీకు వద్దంటినా? ముంచుకోని పో" అంది.

ఆమె చెంబు తొట్టిలో ముంచింది. నాలుగు వేళ్ళు మునిగిందో లేదో టంగుమంది. రాయి తగిలింది. ఇంకోచోట ముంచింది, అక్కడా టంగుమంది. ఆమె జేజి మొహం చూసింది, జేజి ఆమె మొహం చూసింది. ఇద్దరూ నవ్వారు. పెద్దవాళ్ళు ఊరికే నవ్వుతారని అప్పట్లో నా అభిప్రాయం. ఆమె నీళ్ళు తీసుకోకుండానే పోయింది.

కొన్నాళ్ళు బాగానే గడిచింది. సంగటి జేబులోంచి తొట్టిలోకి పోయేది. మధ్యాహ్నం తాటాకులు కప్పేవాణ్ణి. బడినుంచి పరిగెత్తుకొచ్చి ముందు తొట్టి దగ్గరికి, తర్వాత నాయన దగ్గరికి పోయేవాణ్ణి. "అన్నీ ఉండాయి నాయనా" అని చెప్పేవాణ్ణి. ఆయన "ఊఁ" అనేవాడు. చిన్నాయన పొద్దున్నే తొట్టిలోకి తొంగి చూసి, "ఏమప్పా, పులుసు ఎప్పుడు?" అని అడిగేవాడు. నేను వాణ్ణి, అదే, ఆయన్ని, రాయి పెట్టి కొట్టడానికి తరిమేవాణ్ణి.

ఎండకు నీళ్ళు దిగడం మొదలైంది. పొద్దున ఉన్న తడి గీత సాయంత్రానికి ఉండేది కాదు. ఒకరోజు నా చేతిలోంచి ఒక రాయి జారి తొట్టిలో పడింది. నీళ్ళు పైకి లేచాయి. నేను నమ్మలేక ఇంకోటి వేశాను. ఇంకొంచెం లేచాయి. పరిగెత్తుకొని పోయి, "జేజీ, జేజీ, నిజంగానే రాళ్ళలోంచి నీళ్ళొస్తాండాయి!" అని అరిచాను.

"చెప్తిని కదా" అంది జేజి, నా మొహం చూడకుండా.

అంతే, ఇంక నన్ను ఆపేవాడు లేడు. నీళ్ళు ఎంత దిగితే అన్ని రాళ్ళు. వంక రాళ్ళు, ఇస్కూలు రాళ్ళు, గోడ పక్కన పడి ఉన్న పెంకులు. ప్రతిసారీ నీళ్ళు లేచేవి. ప్రతిసారీ నా గుండె లేచేది. చిన్నాయన చూసి, "ఇంగో గంపెడెయ్యి. పెన్నేరే వాకిట్లోకొస్తాది" అన్నాడు. నాయన ఒకసారి వచ్చి తొట్టిపక్కన నిలబడ్డాడు. రాళ్ళ సందుల్లో చేపలు తిరిగే చోటు లేక, మూతులు పైకి పెట్టి ఆగి ఉన్నాయి. ఆయన ఏదో అనబోయి, నా చేతిలో రాయి చూసి, వెళ్ళిపోయాడు.

మొదట చిన్నవి పోయాయి. వెల్లకిలా తేలినవాటిని చిన్నాయన తీసి, పెరట్లో గుంత తీసి పూడ్చాడు. ఆ రోజు పులుసు మాట ఎత్తలేదు. ఆ తర్వాత కూడా ఎప్పుడూ ఎత్తలేదు. ఆయన ఎగతాళి చేయకపోవడం చూసి నాకు మొదటిసారి భయం వేసింది. నేను ఇంకొన్ని రాళ్ళు వేశాను.

చివరికి తెగతోక ఒక్కటే మిగిలింది. రెండు పలుగురాళ్ళ మధ్య ఒదిగి ఉంది. పడుకుందనుకొని సంగటి వేశాను. సంగటి కరిగి నీళ్ళంతా తెల్లగా అయింది. అది లేవలేదు.

వాన వచ్చింది. ఎప్పుడంటే, తొట్టిలో రాళ్ళు తప్ప ఏమీ లేనప్పుడు. ఒక్క సాయంత్రం దబదబా కొట్టి, తొట్టి పొంగి వాకిలంతా పారింది. బావిలో కూడా కొంచెం నీళ్ళు చేరాయి. కానీ అప్పటికే నాయనా చిన్నాయనా బెంగుళూరు బస్సెక్కి పోయారు. అమ్మ కాన్పుకు కూడా నాయన లేడు. కొన్నేళ్ళకు నాయన దగ్గు పట్టుకొని తిరిగొచ్చాడు. చిన్నాయన రాలేదు. అక్కడే ఎక్కడో కట్టడం పనిలో కలిసిపోయాడు.

తెగతోక బతికిందని, వాన రోజు నేనే దాన్ని కడవలో పెట్టుకొని పోయి బావిలో వదిలానని, అది నీళ్ళలో మూడు చుట్లు తిరిగి దండం పెట్టిందని నేను జీవితమంతా చెప్పుకొచ్చాను. పెళ్ళైన కొత్తలో నా భార్యకు చెప్పాను. కొడుక్కు చెప్పాను. హొసకోట బస్సులో పక్కన కూర్చున్నవాళ్ళకు చెప్పాను. తర్వాత చెప్తానన్నది ఇదే. ఒక్క చేప కూడా బతకలేదు. వానలదాకా నేను ఏ చేపనూ బతికించలేదు.

ఆ బావిలో మళ్ళీ ఎవరూ చేపలు వదల్లేదు. అడిగి తెచ్చుకోవడానికి ఎవరి బావిలోనూ లేవు. బెల్లం పట్టుకొని ఎవరి వాకిట నిలబడేది? తర్వాత అందరూ బోర్లు వేసుకున్నారు. బోరులో చేప ఈదదు. అవీ ఒకదాని వెనక ఒకటి దుమ్ము కక్కి ఆగిపోయాయి. చేను గుత్తకు ఇచ్చి నేల చదును చేసేటప్పుడు బావిని పూడ్చేశారు. టిప్పర్ల కొద్దీ గరుసు. నేను గట్టు మీద కూర్చొని చూశాను. ఎంత గరుసు పట్టిందో చెప్తే నేను మళ్ళీ పెంచి చెప్తున్నానంటారు, అందుకే చెప్పను. ఇప్పుడు ఆ చోటు ఏదో నేనే గుర్తుపట్టలేను. అన్ని పలకలూ ఒకేలాగా ఉన్నాయి. కొడుకును అడిగితే, "యాడో ఆ వరసలో ఉంటాదిలే నాయనా" అంటాడు. వాడు దాని మీది పలకనే రోజూ కడుగుతున్నాడేమో, వాడికీ తెలియదు, నాకూ తెలియదు.

మనవరాలు ఇదంతా విని, గిన్నెలో రాళ్ళు వేలితో తిప్పుతూ కూర్చుంది. దాని గాజు తొట్టికి ఊరి నీళ్ళు పనికిరావట, క్యాను నీళ్ళే పొయ్యాలట. గడప పక్కన క్యాన్లు వరసగా పెట్టి ఉన్నాయి.

"అయితే ఎంత పొయ్యాల తాతా?"

"ఒగ గుప్పెడు చాలమ్మా. కంటికి బాగుండేకి. ఎక్కువ పోస్తే చేపలకు జాగా ఉండదు. మా జేజికి పాపం అది తెలీదు. ఏటి ఒడ్డున పుట్టిన మనిషి. తొట్టిని కూడా ఏరే అనుకున్యాది. రాళ్ళేస్తే నీళ్ళు ఊరతాయని నిజంగా నమ్మింది. అమాయకురాలు. ప్రేమకొద్దీ చేపల్ని చంపేసింది."

ఈ చివరి మాట నాకు నచ్చింది. ఇంకోసారి అందామని నోరు తెరిచాను.

"ఎవర్రా అమాయకురాలు?" అంది అక్క.

చెనిక్కాయల చేట పక్కకు పెట్టి, నా వైపు తిరిగి కూర్చుంది. చెవులు బాగానే వినపడుతున్నాయి ఆమెకు.

"ఏట్లో ఊట ఉంటాది, ఎద్దుల తొట్టిలో ఉండదని జేజికి తెలీదా? ఆయమ్మ నీళ్ళ సంగతి నీకు చెప్పాల్నా? ఆ తొట్టి ఉత్తది నిండాలంటే ఎన్ని కడవలు పట్టేది? ఎవరు మోసేది, నువ్వా? అమ్మ చూస్తే కడుపుతో ఉండె. మోసేది నేను. సగం పైకి రాళ్ళు నింపితే రెండు కడవలకే తొట్టి నిండినట్టు కనపడతాది, నువ్వు ఏడుపు ఆపుతావు. దానికని పోయించింది. నన్ను పక్కకు పిలిచి చెప్పే పోయించింది."

"మరి చేపలు?" అన్నాను. నా గొంతు నాకే చిన్నపిల్లవాడి గొంతులా వినపడింది.

అక్క మళ్ళీ చేట ముందుకు లాక్కుంది.

"చేపలు బతకవని జేజికి మొదటి దినమే తెలుసు. నాయనకు తెలుసు, చిన్నాయనకు తెలుసు, నాకు తెలుసు. నీకు ఒక్కనికే తెలీదు."